యాభై మూడో ఏట ఆకాశయానం

యాభై దాటిన ఉద్యోగి సర్వీసు లెక్క చూసుకుంటూ పెన్షను ఎంత వస్తుందో అంచనా వేసుకోవడం మనందరం ఎరిగినదే. ఇంగ్లండులో ఒక ప్రభుత్వోద్యోగి మాత్రం ఆ వయసులోనే బెలూను ఎక్కి, అంతవరకు ఎవరూ చేరనంత ఎత్తుకు వెళ్లి, ప్రాణాలతో తిరిగి వచ్చారు. ఆయనే జేమ్స్ గ్లేషర్.

గ్లేషర్ 1809లో లండనులో గడియారాలు చేసేవారి ఇంట పుట్టారు. గ్రీనిచ్ ఖగోళ పరిశోధనాలయంలో చేరి, వాతావరణ, అయస్కాంత విభాగానికి సూపరింటెండెంటుగా మూడు దశాబ్దాలకు పైగా పనిచేశారు. వేళ తప్పకుండా రీడింగులు తీసి రాయడం ఆయన నిత్యకృత్యం. నేలమీద ఎన్ని కొలతలు తీసినా, పైన గాలి సంగతి తెలిసేదెలా? అందుకు ఆనాడు బెలూనే మార్గం. ఖర్చు బ్రిటిష్ అసోసియేషన్ భరించింది. బెలూను నడపడంలో ఆరితేరిన హెన్రీ కాక్స్‌వెల్ తోడుగా వచ్చారు.

1862 సెప్టెంబరు 5 మధ్యాహ్నం ఒంటిగంటకు వుల్వర్‌హాంప్టన్‌లో, బొగ్గు గ్యాసు నింపిన బెలూనులో ఇద్దరూ పైకి లేచారు. వెంట పరికరాలు, ఆరు పావురాలు. ఆక్సిజన్ సిలిండరు వంటిదేమీ లేదు. గంటలోపే 29,000 అడుగులు, అంటే దాదాపు ఎవరెస్టు శిఖరమంత ఎత్తు! చలి సున్నాకు 20 డిగ్రీలు దిగువన. గ్లేషర్‌కు చూపు మసకబారింది, కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పాయి, ఆపైన స్పృహే పోయింది.

కిందికి దిగాలంటే వాల్వు తాడు లాగి గ్యాసు వదలాలి. బెలూను గిరగిరా తిరగడంతో ఆ తాడు పైన చిక్కుపడింది. కాక్స్‌వెల్ తొట్టిపైనున్న రింగులోకి ఎక్కి దాన్ని విడిపించారు గాని, చలికి చేతులు నల్లబడి పట్టు చిక్కలేదు. అప్పుడాయన తాడును పళ్లతో కరచిపట్టి, రెండు మూడుసార్లు తల వంచి లాగారు. వాల్వు తెరుచుకుంది. బెలూను దిగసాగింది.

తెలివి వచ్చిన గ్లేషర్ మిత్రుని చేతులకు బ్రాందీ పోసి, వెంటనే పెన్సిలు అందుకుని మళ్లీ రీడింగులు రాయసాగారు! తాము 37,000 అడుగులు చేరామని ఆయన లెక్క. అంత ఉండదని తరువాతివారు అన్నారు. ప్రమాదం మాత్రం నిజం. 1875లో ఫ్రాన్సులో జెనిత్ బెలూనులో అలాగే పైకి వెళ్లిన ముగ్గురిలో ఇద్దరు మరణించారు.

ఇంత జరిగినా గ్లేషర్ మానలేదు. 1866 వరకు మొత్తం 28 సార్లు ఎగిరారు. ఎత్తు పెరిగేకొద్దీ వేడి ఒకే లెక్కన తగ్గదని ఆ కొలతలే చూపాయి. 1874లో ఉద్యోగం విడిచి, 1903లో 93వ ఏట కన్నుమూశారు.

2019లో ఈ కథపై వచ్చిన ఇంగ్లీషు సినిమాలో గ్లేషర్ ఉన్నారు. కాక్స్‌వెల్ స్థానంలో మాత్రం ఒక కల్పిత మహిళా పాత్ర ఉంది. మన సర్వీసులోనూ మనకు దక్కిన మెప్పు వెనుక, పక్క సీటులో ఒక కాక్స్‌వెల్ ఉండే ఉంటారు. మిత్రులారా, వారిని ఈ సందర్భంలో ఒకసారి తలచుకుందాం.