తండ్రిగారు: డోర్నకల్ అజరయ్య జీవితం

ఈ స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాసిమ్మని మన పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి గారు అడిగారు. గోదావరి జిల్లాల పెద్దల పేర్లు నాలుగైదు ఆయనే సూచించారు. వారి గురించి నాకంటే బాగా రాయగలవారు మన తెలుగు మాస్టార్లలోనూ, సీనియర్లలోనూ ఉన్నారు. అందుకని వారి జోలికి పోకుండా, ఉద్యోగరీత్యా నాకు పరిచయమైన ఒక పేరు ఎంచుకున్నాను. నేను రైల్వేలో ఇంజనీరుని. కొన్నేళ్లు కాజీపేట, విజయవాడ మధ్య లైను మీద పనిచేశాను. ఆ దారిలో డోర్నకల్ జంక్షన్ ఉంది. సింగరేణి బొగ్గు కోసం నిజాం కాలంలో లైను చీల్చిన చోటు అది. స్టేషనుకి దగ్గర్లోనే గుమ్మటాలు, మినార్లు, గుడి మండపం లాంటి స్తంభాలు కలిసిన ఒక పెద్ద చర్చి కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాడు అది గుడో, మసీదో, చర్చో తేల్చుకోలేడు. దాన్ని కట్టించిన మనిషి వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు.

ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళదేశంలో, తిరునెల్వేలి ప్రాంతపు వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తమిళులు మన దేశానికి రావడం ద్రాక్షారామం పిల్లలకు వింత కాదు. భీమేశ్వరాలయం గోడల మీద తెలుగు, సంస్కృత శాసనాల పక్కన తమిళ శాసనాలు కూడా ఉన్నాయని మనం బడిలో ఉండగానే విన్నాం. ఆ శాసనాలు వేయించినవారు రాజ్యంతో వచ్చారు. ఈయన మాత్రం పెళ్లాం బిడ్డలతో వచ్చారు.

తండ్రి థామస్ వేదనాయకం గారు పల్లెటూరి పాస్టరు. తల్లి ఎల్లెన్ గారు. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన తరువాత కలిగిన కొడుకు కాబట్టి గారాబం చేశారనుకుంటాం గానీ, ఆ తల్లి క్రమశిక్షణ మాత్రం గట్టిదే. కుర్రవాడికి పదిహేనేళ్లు వచ్చేసరికి తండ్రి పోయారు. ఆ తరువాత మిషన్ బడుల్లో చదువుకుని, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. గణితం ఆయన విషయం. చివరి పరీక్షల వేళ జబ్బు చేయడంతో డిగ్రీ చేతికి రాకుండానే కాలేజీ వదిలారు. తరువాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది కాబట్టి లెక్క సరిపోయిందనుకోవచ్చు. మార్కుల జాబితా చేతిలో పట్టుకుని బెంగపడే మన పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పండి, చాలు.

కాలేజీలో ఆయనకు దొరికింది డిగ్రీ కంటే పెద్దది. కె.టి. పాల్ లాంటి స్నేహితులు దొరికారు. తరువాత వై.ఎం.సి.ఎ. జాతీయ మండలికి తొలి భారతీయ ప్రధాన కార్యదర్శి అయిన పాల్ గారే ఈయన. 1895లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, అజరయ్య గారు వై.ఎం.సి.ఎ.లో పనికి చేరారు. అప్పటి వై.ఎం.సి.ఎ. అంటే కాలేజీ కుర్రాళ్ల మధ్య పనిచేసే సంస్థ. ఊరూరా తిరగాలి, హాస్టళ్లలో కూర్చోవాలి, బైబిలు తరగతులు నడపాలి, చదువుకున్న కుర్రాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ మరుసటి ఏడాది అమెరికా నుంచి షేర్వుడ్ ఎడ్డీ అనే యువకుడు అదే పని మీద వచ్చాడు. ఆయన యేల్ చదువు చదివిన కలవారి బిడ్డ. ఒకరు దొరల దేశం వారు, ఒకరు పల్లెటూరి పాస్టరు కొడుకు. అయినా ఇద్దరి స్నేహం చివరిదాకా నిలిచింది. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

1898లో పెళ్లి. ఆమె పేరు అన్బు మరియమ్మాళ్. దక్షిణాదిలో కాలేజీ చదువు దాకా వెళ్లిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. కట్నం పుచ్చుకోలేదు. పెళ్లి ఆర్భాటం లేకుండా జరిగింది. కట్నం తప్పని కుర్రాళ్లకు ఉపన్యాసం ఇచ్చిన మనిషి, తన వంతు వచ్చేసరికి మాట తప్పలేదన్నమాట. ఇది చదివే ఇంజనీర్లు, డాక్టర్లు ఒక్కసారి తమ పెళ్లిళ్లు గుర్తు చేసుకుంటారేమో! నేను గుర్తు చేసుకోదలచుకోలేదు.

ఇక్కడ ఒక మాట. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా హాస్టల్లో క్రైస్తవ విద్యార్థులు ఆదివారం సాయంత్రాలు కలుసుకునేవారు. వారి దగ్గరికి ఒక పెద్దాయన స్కూటరు మీద వచ్చేవారు. ముందు ఒక పిల్లాడు నిలబడి, వెనక భార్య ఇంకో బిడ్డను ఒళ్లో పెట్టుకుని. మీటింగు రెండు గంటలు సాగితే ఆ తల్లి మెస్సు వరండాలో పిల్లల్ని ఆడిస్తూ కూర్చునేది. పైగా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒక స్టూడెంటు భోజనానికి ఉండేవాడని నా రూమ్మేటు చెప్పేవాడు. అజరయ్య గారి గురించి చదువుతున్నప్పుడు నాకు ఆ వరండా గుర్తొస్తూ ఉంటుంది. విద్యార్థుల మధ్య పనిచేసేవారి జీవిత చరిత్రల్లో ప్రసంగాలు, మహాసభలు ఉంటాయి. ఆయన రైల్లో ఉన్న రాత్రుల్లో జ్వరం వచ్చిన పిల్లవాడి పక్కన కూర్చున్న వారి సంగతి ఒక వాక్యంలో పోతుంది. అన్బు గారి విషయంలోనూ పుస్తకాలు చేసింది అదే. నాకిది లోటుగానే తోస్తుంది.

1902లో అజరయ్య గారు పని మీద జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ మనుషులతో సేవాకార్యక్రమం నడుపుకోవడం చూశారు. తిరునెల్వేలిలో క్రైస్తవం పుట్టి తరాలు గడిచినా, ఇంకా పరాయి దేశపు డబ్బు, దొరల పెత్తనం మీదే బతుకుతున్నామన్న సిగ్గు ఆయనను పట్టుకుంది. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. 1905 క్రిస్మస్ రోజున బెంగాలులోని శ్రీరాంపురంలో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోనూ ఆయనది పెద్ద చెయ్యి. అది వందేమాతరం ఉద్యమం రేగిన సంవత్సరం. భారతీయుల డబ్బు, భారతీయుల మనుషులు, భారతీయుల నాయకత్వం అన్నది ఆ సంస్థ పద్ధతి. స్వదేశీ అంటే బట్టలొక్కటే కాదని వీరు అనుకున్నారు.

తిరునెల్వేలి సొసైటీ తమ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. అక్కడికి తమిళ యువకులను పంపాలి. చదువుకున్నవారు పట్నం ఉద్యోగాలు వదిలి, భాష తెలియని తెలుగు పల్లెలకు వెళ్లాలని అజరయ్య గారు కాలేజీ కాలేజీకీ తిరిగి చెప్పారు. కుర్రాళ్లు శ్రద్ధగా విన్నారు. వెళ్లినవారు మాత్రం తక్కువ. ఇటు ఆయన పేరు పెరుగుతోంది. 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య మహాసభకు కూడా వెళ్లొచ్చారు. వై.ఎం.సి.ఎ.లోనే ఉండి ఉంటే పై మెట్లు ఎక్కేవారే.

ఊళ్లు తిరిగి ఇతరులను పంపే మనిషికి ఎప్పుడో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న ఆయనకూ ఎదురైంది. తాను ఎందుకు వెళ్లలేదు? 1909లో వై.ఎం.సి.ఎ. వదిలారు, గురుపట్టం పుచ్చుకున్నారు, డోర్నకల్ చేరారు. అప్పటికి ముప్ఫై అయిదేళ్లు. పద్నాలుగేళ్ల పేరున్న ఉద్యోగం పోయింది. ఎదిగే పిల్లలు, పుట్టింటికీ అత్తింటికీ దూరమయ్యే భార్య. బదిలీ ఆర్డరు వస్తే మనం మొదట అడిగేది ఆ ఊళ్లో మంచి బడి ఉందా అని. ఇది ఎవరో ఇచ్చిన ఆర్డరు కూడా కాదు. నాకు ఆయన బిషప్పు కావడం కంటే ఈ 1909 నాటి సామాను సర్దుడే పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ ఒప్పుకోకపోతే జరిగే పని కాదది.

ముప్ఫై అయిదేళ్ల వయసులో భార్యాభర్తలు కొత్త భాషలో అక్షరాభ్యాసం చేశారు. ర, ఱ ల దగ్గర తమిళులు పడే తిప్పలు మనకు తెలుసు గానీ, మన ఒత్తులు, మహాప్రాణాలు వారికి అంతకంటే కష్టం. ఊరివారు వారిని తండ్రిగారు, అమ్మగారు అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపే స్థిరపడింది. దొరగారు అని పిలిపించుకునే మిషన్ బంగళాల కాలంలో ఆ మాట ఎంత దూరం నడిచి వచ్చిందో ఆలోచించండి.

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య గారు మాట్లాడింది సిద్ధాంతం గురించి కాదు, ఇంటి గురించే. పాశ్చాత్య మిషనరీలు ఏళ్ల తరబడి కలిసి పనిచేసే భారతీయులను తమ బల్ల దగ్గర భోజనానికి పిలవరని, తాము కోరేది దానధర్మం కాదు, స్నేహమని నిండు సభలో చెప్పారు. సభలో కొందరికి అది రుచించలేదు. ఎడ్డీ లాంటి స్నేహితుడు ఉన్నవాడు కాబట్టే అలా అనగలిగారని నా అభిప్రాయం. స్నేహం ఎలా ఉంటుందో రుచి చూసినవాడికే దాని లోటు తెలుస్తుంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పు. ఒక నల్లవాడి కింద తెల్లవారు పనిచేయడమా అని గొణిగినవారు ఉన్నారు. మొదట చిన్నదిగా ఉన్న ఆ అధ్యక్ష మండలంలోకి తరువాత బందరు, బెజవాడ, ఏలూరు ప్రాంతాలు కూడా చేరాయి. అంటే నోబుల్ కాలేజీ ఉన్న బందరూ, మన పక్క జిల్లా కూడా. 1941 నాటికి ఆ మండలంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని రోజుల్లో వారి పల్లెల్లో బడి పెట్టడం, పంతులును ఉంచడం ఆయన పద్ధతి. మాల, మాదిగల మధ్య ఉన్న ఎడాన్ని కూడా ఆయన ఒప్పుకోలేదు.

డోర్నకల్‌లో గురువుల శిక్షణకు వచ్చే యువకులు భార్యలతో సహా వచ్చి చిన్న చిన్న ఇళ్లలో కాపురం ఉండేవారు. భర్తలకు ఒక తరగతి, భార్యలకు ఒక తరగతి. పల్లెలో పాస్టరు ఇల్లే పది ఇళ్లకు నమూనా అన్నది తండ్రిగారి లెక్క. స్త్రీల పని అమ్మగారు చూసేవారు. వై.ఎం.సి.ఎ. రోజుల్లో ఆయన ఒక్కరే తిరిగి చేసిన పని, ఇక్కడికి వచ్చేసరికి ఇద్దరి పనైంది. సంసారం సేవకు అడ్డమని కాకుండా, సంసారమే పని జరిగే చోటుగా మార్చుకున్నారు. ఆయన రాసిన పుస్తకాల్లో పేరున్నది క్రైస్తవ దానం మీద రాసినది. కడు పేదవాడు కూడా తన చర్చిని తానే పోషించుకోవాలని అందులో ఆయన వాదం. పేదల దగ్గర డబ్బు అడగడం నాకు మొదట కఠినంగా తోచింది. జాఫ్నా సంగతి చదివాక కొంత అర్థమైంది.

1930లలో గాంధీగారితో మతమార్పిడి విషయమై ఆయనకు విభేదం వచ్చింది. హరిజనులు మతం మారడం గాంధీగారికి ఇష్టం లేదు, దానిని వారి సొంత నిర్ణయంగా చూడాలన్నది అజరయ్య గారి పక్షం. ఇద్దరూ మర్యాద తప్పలేదు, ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. అదే అజరయ్య గారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. ఈ రెండూ కలిపి చూడకపోతే ఆ మనిషి అర్థం కాడు.

చర్చి కట్టడం పాతికేళ్ల దాకా సాగింది. డబ్బు వచ్చినప్పుడు లేచింది, లేనప్పుడు ఆగింది. కాంట్రాక్టర్లతో వేగే నాబోటివాడికి ఆ ఓపికే ఆశ్చర్యం. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు ముసల్మానుల పద్ధతి, స్తంభాలు దక్షిణాది గుళ్ల పద్ధతి, శిలువతో పాటు తామరపువ్వు. క్రీస్తు ఈ దేశానికి పరాయివాడు కాడని ఆయన రాతితో చెప్పదలచుకున్నారు.

1945 జనవరి 1న, డోర్నకల్‌లోనే, జ్వరంతో తండ్రిగారు కన్నుమూశారు. వేరువేరు చర్చిలను ఒకటి చేయాలని 1919లో తరంగంబాడిలో మొదలైన ప్రయత్నానికి ఆయన పాతికేళ్లు వెచ్చించారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఆయన దాన్ని చూడలేదు.