జెండా వెంకయ్యగారు - రంగుల అర్థాలు

పింగళి వెంకయ్యగారి పేరు వినని తెలుగువాడుండడు. జాతీయ పతాకానికి రూపం ఇచ్చింది ఆయనేనని బడిపిల్లలు కూడా చెబుతారు. అయితే ఆ రంగుల అర్థం చెప్పమంటే మనలో పెద్దలు సైతం తడబడతారు. సర్వీసంతా ఫైళ్ళలో నోట్లు రాసినవాణ్ణి గనుక ఆయన చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకర్షించింది ఇదే. గుడ్డ మీద బొమ్మ కొద్ది గంటలలో తయారైంది. దాని పక్కన ఉండవలసిన నోటు తేలడానికి పదేళ్ళు పట్టింది.

వెంకయ్యగారు కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించారు. యువకుడిగా బోయర్ యుద్ధంలో సైనికుడై దక్షిణాఫ్రికా వెళ్ళారు. గాంధీగారితో పరిచయం అక్కడిదే. పత్తి మీద పరిశోధన చేస్తే పత్తి వెంకయ్య అన్నారు, జపాను భాషలో ఉపన్యసిస్తే జపాన్ వెంకయ్య అన్నారు. చివరకు నిలిచినది మాత్రం జెండా వెంకయ్యే. 1916లోనే సుమారు 30 పతాక నమూనాలతో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. ఎవరూ అడగకుండా, సొంత పట్టుదలతో చేసిన పని అది.

1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగింది. జెండాపై రాట్నం ఉండాలని జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ సూచించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నం వేసి ఇమ్మని గాంధీగారు వెంకయ్యగారిని కోరారు. సుమారు మూడు గంటలలో ఆయన వేసి ఇచ్చారు. అయినా సమావేశం ముందుకు వెళ్ళే వ్యవధి లేకపోయింది. ఒక విధంగా అదే మేలైంది. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు అయితే మిగిలినవారి మాటేమిటని గాంధీగారు ఆలోచించి తెలుపును చేర్పించారు.

చిక్కు అక్కడే వచ్చింది. రంగుకొక మతం అని రాసుకున్నాక, మా రంగు ఏదని సిక్కులు అడగడంలో తప్పేముంది? 1931లో ఏడుగురితో ఒక సంఘం వేశారు. దాని సంచాలకులు మన పట్టాభి సీతారామయ్యగారు. వారు జెండా అంతా ఒకే కాషాయం రంగులో ఉండాలన్నారు. అది అంగీకారం కాలేదు. ఆ ఆగస్టులో బొంబాయిలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, నడుమ నీలి రాట్నం నిర్ణయమయ్యాయి. రంగులకు మతాలతో సంబంధం లేదని స్పష్టంగా రాశారు. కాషాయం ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు సత్యానికీ శాంతికీ, ఆకుపచ్చ విశ్వాసానికీ శౌర్యానికీ గుర్తులన్నారు. మనవాళ్ళు ఇప్పటికీ ఆగస్టు పదిహేను సభలలో 1921 నాటి అర్థమే చెబుతుంటే నాకు కష్టంగా ఉంటుంది. రద్దయిన జీవోను చూపించి బిల్లు పాసు చేసినట్లుంటుంది.

1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో 24 ఆకుల అశోక చక్రాన్ని ఆమోదించింది. రాట్నం ఒక వైపు నుంచి ఒకలా, రెండో వైపు నుంచి తిరగబడి కనిపిస్తుంది. చక్రానికి ఆ ఇబ్బంది లేదు. కాబట్టి నేటి జెండా అచ్చంగా వెంకయ్యగారి చేతి బొమ్మ కాదు. అందుకు పునాది మాత్రం ఆయన వేసినదే.

ఆయన చివరి రోజులు పేదరికంలోనే గడిచాయి. 1963 జూలై 4న కన్నుమూశారు. తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది 2009లో.