జేమ్స్ రెన్నెల్

జేమ్స్ రెన్నెల్ (డిసెంబర్ 3, 1742 - మార్చి 29, 1830) ప్రసిద్ధ ఆంగ్లేయ భూగోళ శాస్త్రజ్ఞుడు. బెంగాల్ మొదటి సర్వేయర్ జనరల్. గంగా, బ్రహ్మపుత్ర నదుల గట్ల కోతను, ప్రవాహమార్గాల మార్పును స్వయంగా కొలిచి నమోదు చేసిన తొలి శాస్త్రజ్ఞులలో ఒకడు.

బాల్యం

ఈయన ఇంగ్లాండులోని డెవన్ ప్రాంతంలో, చడ్లీ సమీపాన జన్మించాడు. శైశవంలోనే తండ్రి యుద్ధంలో మరణించగా, చడ్లీ చర్చి మతాచార్యుని సంరక్షణలో పెరిగాడు. 1756లో నౌకాదళంలో చేరి సముద్రతీరాల సర్వే నేర్చుకున్నాడు. 1763లో నౌకాదళం విడిచి ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాడు.

బెంగాల్ సర్వే

వేసవిలో గంగనుండి కలకత్తా వైపు పోయే పాయలలో నీరు తగ్గి సరుకుల పడవలు నడవడం కష్టమయ్యేది. అన్ని ఋతువులలోను పడవలు నడిచే దగ్గరి జలమార్గాన్ని కనుగొనే బాధ్యతను 1764లో గవర్నరు వాన్సిటార్ట్ 21 ఏళ్ళ రెన్నెల్‌కు అప్పగించాడు. ఈయన పడవలో తిరుగుతూ దిక్సూచితో వంపులను, గొలుసుతో దూరాలను కొలిచి పటాలు గీశాడు. 1766లో భూటాన్ సరిహద్దు వద్ద సన్యాసుల దాడిలో తీవ్రంగా గాయపడ్డాడు. చికిత్సకై పైకప్పు లేని పడవలో ఢాకాకు తరలించారు. ప్రాణం దక్కినా కుడిచేయి మునుపటి స్థితికి రాలేదు. అయినప్పటికీ సర్వే విడువలేదు. 1767లో సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1777లో బెంగాల్ విడిచి, 1779లో బెంగాల్ అట్లాసును ప్రచురించాడు.

నదుల పరిశీలన

1781లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ రెండు నదులపై ఈయన వ్యాసం వెలువడింది. గంగ వాలు తిన్నగా కొలిస్తే మైలుకు 9 అంగుళాలని, వంపులను లెక్కిస్తే 4 అంగుళాల లోపేనని చూపాడు. వేసవిలో సెకనుకు 80,000 ఘనపుటడుగులు ప్రవహించే నీరు వరదలలో 4,05,000 ఘనపుటడుగులకు పెరుగుతుందని గణించాడు. వంపు వెలుపలి గట్టు అడుగున వదులుగా ఉన్న ఇసుకను ప్రవాహం తొలచగా పైమట్టి విరిగిపడుతుందని, ఎదుటి ఒడ్డున మేట వేస్తుందని వివరించాడు. తాను బెంగాల్‌లో ఉన్న కాలంలో, 11 ఏళ్ళలో, జలంగీ పాయ మొదలు ముప్పాతిక మైలు దిగువకు జరిగిందని నమోదు చేశాడు. అయితే వరదనీటిలో నాలుగోవంతు బురదేనన్న ఈయన అంచనా చాలా ఎక్కువని తరువాతి కొలతలలో తేలింది.

ప్రాముఖ్యత

రెన్నెల్ పటాలలో బ్రహ్మపుత్ర మైమెన్‌సింగ్ మీదుగా ప్రవహించేది. 1787 వరదలలో తీస్తా నది గంగను విడిచి బ్రహ్మపుత్ర వైపు మళ్ళింది. తరువాతి దశాబ్దాలలో బ్రహ్మపుత్ర ప్రధాన ప్రవాహం పశ్చిమాన గల నేటి జమున మార్గానికి మారింది. ఈ మార్పుకు పూర్వస్థితిని తెలిపే ముఖ్య ఆధారం ఈయన పటాలే. బంగ్లాదేశ్‌లో నేటికీ ఏటేటా గట్లు కోసుకుపోయి పల్లెలు, పొలాలు నదిపాలవుతుంటాయి. దీర్ఘకాలపు కోతను అంచనా వేయడానికి పరిశోధకులు ఈ పటాలను ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూస్తారు.

చివరి రోజులు

ఈయన 1781లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1791లో కోప్లీ పతకం పొందాడు. తరువాత సముద్ర ప్రవాహాలను అధ్యయనం చేశాడు. అట్లాంటిక్ ప్రవాహాలపై ఈయన గ్రంథాన్ని కుమార్తె 1832లో ప్రచురించింది. 1830లో లండన్‌లో మరణించిన రెన్నెల్‌ను వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఖననం చేశారు.