చెరసాలలో రామదాసు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున నున్న కొండాపూరు నేడు ఎత్తైన మేడలతో, కంప్యూటరు సంస్థలతో కిటకిటలాడుచున్నది. అచ్చటికి కొద్ది మైళ్ల దూరముననే గోలకొండ దుర్గము కలదు. అందలి ఒక చీకటి గదిని జనులు రామదాసు బందిఖానా యని పిలుతురు.

రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న. ఆయన పదునేడవ శతాబ్దమువాడు. ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి ఆయన జన్మస్థలము. లింగన్న, కామాంబ ఆయన తల్లిదండ్రులు. 1672 మొదలు 1687 వరకు గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషాకు మంత్రియైన మాదన్న గోపన్నకు మేనమామ యని చెప్పుదురు. మాదన్న ప్రాపున గోపన్నకు భద్రాచల ప్రాంతమున తహశీలుదారు ఉద్యోగము లభించెను.

భద్రాచలమున శ్రీరామునకు తగిన కోవెల లేకుండుట చూచి గోపన్న మనస్సు కరగెను. వసూలైన శిస్తు ధనముతో ఆయన ఆలయమును కట్టించి, దేవునకు నగలు చేయించెను. ప్రభువు అనుమతి మాత్రము పొందలేదు. ఆ పైకము ఆరు లక్షలని ప్రతీతి. తానీషా కోపించి ఆయనను చెరలో నుంచెను. ఆ చెర పండ్రెండేండ్లు సాగెనందురు.

నిన్నటి అధికారి నేడు ఖైదీ యయ్యెను. దెబ్బలకు దేహమును, ఒంటరితనమునకు మనస్సును నలిగిపోయెను. కష్టము ఎడతెగక సాగినప్పుడు మనుష్యుడు తన్ను తాను హీనునిగా తలచుకొనును. తనవారందరును తన్ను విడిచిరని నమ్మును. గోపన్నకును అట్టి స్థితియే కలిగెను. కొన్ని కీర్తనలలో ఆయన దిక్కులేనివానివలె విలపించెను. ఒక కీర్తనలో ఆ దుఃఖము కోపముగా మారెను. సీతమ్మకును, రాముని తమ్ములకును చేయించిన నగలను పేరుపేరున లెక్కచెప్పి, ఆయన రామునే నిలదీసెను.

కాని ఆ కీర్తన ముగియకమునుపే ఆయన తన్ను తాను తెలిసికొనెను. దెబ్బల కోర్వలేక తిట్టితినని ఒప్పుకొని క్షమాపణ వేడెను. ఆ నిందను పలికించినది బాధయే యనియు, రామునిపై తన భక్తి చెక్కుచెదరలేదనియు ఆయన గ్రహించెను. గోపన్న దుఃఖమును దాచుకొనక పాటగా పాడెను. ఆ పాటయే ఆయన మనస్సును నిలబెట్టెను.

రామలక్ష్మణులే మారువేషములతో వచ్చి తానీషాకు పైకము చెల్లించిరని భక్తుల విశ్వాసము. తుదకు గోపన్న చెర వీడెను. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. ఆ రాజ్యము పోయినను, చెరలో పుట్టిన కీర్తనలు నేటికిని తెలుగువారి భజనలలో వినబడుచున్నవి. కష్టకాలమున తన్ను తాను నిందించుకొనువారికి గోపన్న జీవితము ధైర్యము నొసగును.