చార్లెస్ టేలరు జీవితము

బాస్కెట్‌బాలు ఆటలో చూపరులు మెచ్చుకొనునది చేతి నేర్పు. కాని ఆ నేర్పునకు ఆధారము పాదము. పరుగిడువాడు తటాలున నిలువవలెను; నిలిచినవాడు వెంటనే పైకెగురవలెను. కాలు జారినచో ఈ రెండును సాగవు. ఆటగాండ్ర పాదరక్షలతో తన పేరు శాశ్వతముగా ముడివడిన చార్లెస్ టేలరు చరిత్రమును మా తోడి విద్యార్థులకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

ఈ ఆట పుట్టినదే ఇంటి కప్పు క్రింద. 1891వ సంవత్సరము డిసెంబరు మాసమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.యం.సి.ఏ. వారి శిక్షణాలయములో ఉపాధ్యాయుడైన జేమ్సు నైస్మితు, చలికాలమున బయట ఆడ వీలులేని విద్యార్థులకై దీనిని కల్పించెను. నునుపైన కొయ్యపలకల నేలపై జారని పాదరక్షలు అప్పటినుండి అవసరమయ్యెను. 1908లో మసాచుసెట్సు రాష్ట్రమున స్థాపింపబడిన కన్వర్సు కంపెనీవారు 1917లో ఆల్ స్టార్ అను బూటును వెలువరించిరి. దాని అడుగు రబ్బరు. పైభాగము చీలమండను కప్పు కాన్వాసు గుడ్డ.

టేలరు 1901వ సంవత్సరము జూను 24వ తేదీన ఇండియానా రాష్ట్రమున జన్మించెను. కొలంబసు పట్టణపు హైస్కూలులో చదువుచు బాస్కెట్‌బాలు ఆడెను. ఇరువది యేండ్లు దాటీదాటకమునుపే కన్వర్సు కంపెనీలో బూట్లు అమ్ము ఉద్యోగమున ప్రవేశించెను. ఆయన పేరుమోసిన జట్లలో ఆడెనని వ్యాపించిన కథలు కొన్నిటికి చరిత్రకారులు వెదకినను ఆధారము దొరకలేదు. ఆయన ఘనత ఆటగాడుగా గాక బోధకుడుగానే వెలసినది.

ఆయన మోటారుకారులో సరకు వేసికొని, హోటళ్లలో బసచేయుచు, దేశమంతయు సంచరించెను. హైస్కూళ్లకును కాలేజీలకును పోయి, బంతిని అందించుట, బుట్టలో వేయుట మున్నగు మెలకువలను బాలురకు నేర్పెడివాడు. 1922లో ఉత్తర కరోలినా రాష్ట్ర కళాశాలలో ఇట్టి శిక్షణ తరగతిని నడపెను. ఆటను ప్రేమించినవారు బూట్లనుగూర్చి తామే విచారించిరి. 1930 తరువాతి సంవత్సరములలో కంపెనీవారు బూటుపై నక్షత్రపు ముద్రతోపాటు ఆయన పేరును చేర్చిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున రైట్ ఫీల్డు విమాన స్థావరపు జట్టునకు ఆయన శిక్షకుడుగా నుండెను. 1969లో నైస్మితు పేరిటి కీర్తిమందిరమున స్థానము పొంది, ఆ యేడే జూను 23వ తేదీన, అనగా అరువదియెనిమిదవ జన్మదినమునకు ఒకనాడు ముందు, పరమపదించెను.

ఆయన పేరుగల బూటు నేటికిని లోకమంతట అమ్ముడగుచున్నది. ఐనను 1970 తరువాత ఆటగాండ్రు క్రమముగా తోలు బూట్లకును, మెత్తని అడుగుగల బూట్లకును మరలిరి. నేడు దానిని ఎక్కువమంది వీధిలో తిరుగుటకే తొడుగుచున్నారు. కావున పేరును చూచి బూటును కొనుట తగదు. తండ్రులు కష్టించి తెచ్చిన ధనము వ్యర్థమగుటయే గాక, కాలు బెణకి ఆటకు దూరమగుట సంభవింపవచ్చును.

మరి ఎట్లు ఎన్నుకొనవలెను? సాయంకాలమున పాదములు కొంచెము ఉబ్బియుండును గనుక అప్పుడే కొలత చూడవలెను. ఆటకు వేసికొను మేజోళ్లతోనే రెండు కాళ్లకును తొడిగి, నిలిచి, నడచి, ఎగిరి చూడవలెను. వ్రేళ్లముందు కొంచెము చోటుండవలెను. మడమ మాత్రము లోపల కదలరాదు. అడుగున గాళ్లుగల మెత్తని రబ్బరు కొయ్యనేలను చక్కగా పట్టును. దానిపై ధూళి చేరినచో ఆ పట్టు సడలును. కావున ఆటకు ముందు తడిగుడ్డతో తుడువవలెను. లోపలి ఆటకై కొన్నదానిని వీధిలో తొడుగరాదు. కంకరవలన రబ్బరు అరుగును, ఇసుకవలన నేల గీతలుపడును. చీలమండను కప్పు బూటుండిన కాలు బెణకదని నమ్మి యుండుటయు సరికాదు. వ్యాయామముచే కాలికి బలము చేకూర్చుకొనుట ముఖ్యము.

టేలరు మొదట ఆటను నేర్పెను. అమ్మకము దాని వెంట వచ్చెను. మన విద్యార్థులును మొదట ఆటను శ్రద్ధతో అభ్యసించి, తమ పాదమునకును తాము ఆడు నేలకును తగిన బూటును ఎన్నుకొందురుగాక యని మా కోరిక.