చక్కెర కవచము — ఆస్వాల్డ్ ఏవరీ

పసిబిడ్డ డొక్కలెగురవేయుచు ఊపిరికై పెనుగులాడగా చూచిన తల్లికి న్యుమోనియా యన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవులలో ముఖ్యమైనది న్యుమోకాకస్. దాని గుట్టు తెలిసికొనుటకే తన జీవితమును ధారపోసినవాడు ఆస్వాల్డ్ ఏవరీ.

ఆయన 1877లో కెనడా దేశమందలి హాలిఫాక్స్ పట్టణమున ఒక క్రైస్తవ మతాచార్యుని యింట జన్మించెను. పదేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో న్యూయార్కు చేరెను. బాల్యమున కార్నెట్ వాద్యమునందు మంచి నేర్పరి. 1904లో వైద్యపట్టము పొంది కొంతకాలము రోగులను చూచెను గాని, తీరని ఊపిరితిత్తుల జబ్బులతో వచ్చువారికి తానేమియు చేయలేకుండుట ఆయన మనస్సును కలచివేసెను. వైద్యవృత్తిని విడిచి పరిశోధనకు పూనుకొనెను. 1913లో రాక్‌ఫెల్లర్ సంస్థవారి ఆసుపత్రిలో చేరెను.

న్యుమోకాకస్ చుట్టును ఒక నున్నని పొర యుండును. రక్తమందలి తెల్లకణములు దానిని మ్రింగకుండ ఆ పొరయే కాపాడును. అది మాంసకృత్తు కాదనియు, చక్కెరజాతి పదార్థమనియు 1923లో ఏవరీ, రసాయనజ్ఞుడు హైడెల్‌బర్గరు నిరూపించిరి. అయితే ఆ చక్కెరను విడిగా ఎక్కించినచో కుందేళ్లలో రక్షణశక్తి పుట్టలేదు. 1931లో ఏవరీ, గోబెల్ దానిని గుర్రపు రక్తరసమునందలి మాంసకృత్తుతో జతపరచి ఎక్కించిరి. కుందేళ్ల దేహము ఈసారి చక్కెరను శత్రువుగా గుర్తించెను!

ఇంత గొప్ప సంగతి చాలకాలము మరుగునపడెను. సల్ఫా మందులు, పిదప పెన్సిలిన్ వచ్చుటతో టీకాలపై మక్కువ తగ్గెను. ఏవరీ మాత్రము అదే సూక్ష్మజీవిని పట్టి వదలక, వంశలక్షణములను మోయునది డి.ఎన్‌.ఏ. యని 1944లో ఇద్దరు సహచరులతో చాటెను. దానికి నోబెల్ బహుమతి రాలేదు. ఆ కొరత బహుమతిదే. అవివాహితుడు, మితభాషి యగు ఏవరీ 1955లో నాష్‌విల్ నగరమున కన్నుమూసెను.

1977లో అమెరికాలో 14 రకముల చక్కెరలతో టీకా వచ్చెను. పెద్దలకు పనికివచ్చినను, రెండేండ్లలోపు శిశువుల దేహము వట్టి చక్కెరను సరిగా గుర్తింపజాలదు. చావు ఎక్కువ పొంచియుండునది వారికే. అప్పుడు శాస్త్రజ్ఞులు ఏవరీ కుందేళ్లపై చూపిన మార్గమునే పట్టిరి. 7 రకముల చక్కెరలను మాంసకృత్తుతో ముడివేసిన టీకాకు 2000లో అనుమతి లభించెను. మన దేశపు సార్వత్రిక టీకా కార్యక్రమమున ఈ జాతి టీకా 2017లో కొన్ని రాష్ట్రములలో మొదలై, 2021లో దేశమంతటికిని విస్తరించెను. ఆరు వారములకు ఒకటి, పదునాలుగు వారములకు మరొకటి, తొమ్మిదవ నెల నిండినపిమ్మట మూడవది.