ప్రభుత్వానికి, స్వచ్ఛంద సేవకు వారధి శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

(జూలై 15 శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

సంక్షేమానికి నిధులు కేటాయించడం ఒక ఎత్తు, ఆ ఫలం అర్హుల ముంగిటికి చేరడం మరొక ఎత్తు. ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు, స్థానిక ప్రజలు ఒకే వ్యవస్థగా పనిచేసినప్పుడే ఇది సాధ్యమని ఆచరణలో చూపిన తొలితరం పాలనాదక్షురాలు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. బాల్యంలోనే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగార శిక్ష అనుభవించారు. తదనంతరం మద్రాసులో తమ ఇంటివద్దనే బాలికలకు బనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు శిక్షణ ఇచ్చారు. ఆమె 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభకు ఈ కృషి పునాది అయింది. న్యాయశాస్త్ర పట్టభద్రురాలైన ఆమె 1946లో రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు.

1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలిగా బాధ్యతలు చేపట్టేనాటికి దేశంలో సంక్షేమ సేవలు అధికభాగం స్వచ్ఛంద సంస్థల చేతులమీదుగానే సాగుతున్నాయి. వాటికి నిధుల కొరత ఉండేది, పరస్పర సంబంధం స్వల్పం. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఈ సంస్థల సహాయార్థం రూ.4 కోట్లు కేటాయించారు. ఈ మొత్తాన్ని వినియోగించేందుకు 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దాని తొలి అధ్యక్షురాలు దుర్గాబాయి. మంత్రిత్వ శాఖల ప్రతినిధులు, సామాజిక కార్యకర్తలు అందులో సభ్యులుగా కలసి కూర్చున్నారు. 1954లో రాష్ట్రాలలో సలహా బోర్డులు ఏర్పాటయ్యాయి.

అయితే ఈ విధానంలో ఒక చిక్కు ఉంది. సంస్థలు ఎక్కువగా పట్టణాలలోనే ఉండడంతో, ఉన్న సంస్థలకు మాత్రమే సహాయం అందిస్తే అవసరం అధికంగా ఉన్న గ్రామాలకు ఏమీ దక్కదు. అందుకే 1954 ఆగస్టు 15న సంక్షేమ విస్తరణ పథకాలు ప్రారంభమయ్యాయి. ఒక్కొక్క పథకం పరిధిలో సుమారు 25 గ్రామాలు, 20 వేల జనాభా ఉండేవి. సంస్థలు లేనిచోట స్థానికులతో అమలు సంఘాలను ఏర్పరచి బాలవాడీలు, మాతాశిశు సంరక్షణ, వయోజన విద్య, చేతిపనుల శిక్షణ చేపట్టారు. గ్రామసేవికల శిక్షణలో కస్తూర్బా గాంధీ జాతీయ స్మారక నిధి పాలుపంచుకుంది.

ఒకే గ్రామంలో రెండు వ్యవస్థలు వేర్వేరుగా పనిచేస్తే శ్రమ, ధనం రెండూ వృథా అవుతాయి. దీనిని నివారించేందుకు 1957 నుండి ఈ పథకాలను సమాజ వికాస బ్లాకులతో సమన్వయపరిచారు. గ్రామసేవికలు, ఉపాధ్యాయినులు, మంత్రసానుల కొరత తీర్చేందుకు 1958లో వయోజన మహిళల సంక్షిప్త విద్యాకోర్సులు ప్రారంభమయ్యాయి. వాటి నిర్వహణను స్వచ్ఛంద సంస్థలకే అప్పగించారు. మద్రాసులో ఒక ఇంట ఫలించిన అనుభవం ఈ విధంగా జాతీయ పథకంగా విస్తరించింది.

1975లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకున్న దుర్గాబాయి 1981 మే 9న పరమపదించారు. నిధులు వెళ్లే దారిలో ఎవరెవరు ఉన్నారు, వారి మధ్య సమన్వయం ఎంత, ఆ దారి చేరని గ్రామాలు ఏవి అన్న ప్రశ్నలు ఏ పథకం అమలులోనైనా ముందుగా వేసుకోవలసినవని ఆమె కృషి తెలియజేస్తున్నది.